తెల్ల పొగ

ఓదెలన్న బస్సును ఎన్నడూ చదునుమీద ఆపడు.
రాత్రి తొమ్మిదికి గూడెం చేరినంక
మూతి పల్లానికి పెట్టి
ముందు టైర్లకు రెండు రాళ్లు అడ్డమేసి
"పొద్దుగాల భూమే సెల్ఫ్ కొడ్తది, పండుకో" అంటడు.

ఆ రాత్రి పల్లం దొరకలే.
జైనూరు పోయేటి పత్తి బండ్లు ఏడు
అక్కడనే కాడి దించుకొని ఉన్నయి.
అలిసిన ఎడ్లను లేపుడెందుకని
బడి ముందట చదునులనే ఆపినం.

నాలుగున్నరకు మెలకువొచ్చింది.
అద్దాల లోపలి దిక్కు మా ఊపిరే
నీళ్లై కారుతున్నది.
సీటు కడ్డీ పట్టుకుంటే కరిచింది.
టికెట్ మిషను కన్ను తెరిచి
మళ్ల మూసుకున్నది.

ఓదెలన్న తాళం తిప్పిండు.
ఇంజను ఒక్కపారి మూల్గింది,
జరమొచ్చినోడు పక్క తిరిగినట్టు.
రెండోపారి టక్కుమన్నది, అంతే.
మూడోపారి తిప్పలే.
బ్యాటరీల ఎంత ప్రాణమున్నదో
ఆయన చేతికి ఎరుక.

"పెట్రోలు బండికి అగ్గిపుల్ల గీసేటోడు లోపలుంటడు.
దీనికి ఎవ్వడు లేడు కండక్టరూ.
గాలిని పట్టి ఒత్తాలె, ఇంకా ఒత్తాలె,
అది తాళలేక కాగినప్పుడు
డీజిలు చుక్క పడి అంటుకోవాలె.
గాలి కాగుతనే ఉన్నది.
ఆ కాకనంత ఇనుము తాగుతున్నది."
అనుకుంట అరచెయ్యి ఇంజను మీద పెట్టిండు,
ఈననున్న బర్రె కడుపు మీద పెట్టినట్టు.

ఎదురింట్ల మారుబాయి పొయ్యి అప్పటికే మండుతున్నది.
ఏమైందని అడగలే.
బిందెడు వేడినీళ్లు తెచ్చి దించింది.
"మా ముసలోని నడుముకు కాపడం నీళ్లు.
ముందుగాల దీనికి పెట్టుండ్రి,
వాడు ఎట్లాగూ ఇయ్యాల లెవ్వడు."

ఫిల్టర్‌కు నా మఫ్లరు చుట్టి నీళ్లు పోసినం.
చేతిపంపు బొటనవేలితో ఒత్తి ఒత్తి
లోపల గట్టిగ తగిలేదాక ఒత్తినం.
పాత ఇనుప తట్టల నిప్పులు పోసి
ఆయిల్ చాంబరు కిందికి కర్రతోని తోసిండు.
"డీజిలు నిప్పుకు జడవది, చలికి జడుస్తది."
నేనైతే నాలుగడుగులు ఎనుకకు జరిగిన.
ఆయన చూసిండు గని నవ్వలే.

అప్పటికి బస్సుకు మంది రాబట్టిరి.
కందుల మూటలోళ్లు ఇద్దరు,
హాస్టలుకు వాపసు పోయే పిల్లలు,
చెద్దరు కింద బాలింతను నడిపించుకుంట ఒకడు,
కొత్త చెప్పులేసుకున్న సిడాం లచ్చు.
నోరు తెరిస్తే అందరికీ పొగే.
బస్సుకు మాత్రం లేదు.

క్లచ్చు అడుగుదాక తొక్కిపట్టి
ఓదెలన్న నాలుగోపారి తిప్పిండు.
గొగ్గొగ్గొగ్… గొగ్…
ఎనుక గొట్టం నుంచి ఇంత తెల్ల పొగ,
కాలని డీజిలు వాసన.
"తెల్లది వచ్చిందంటే సగం నమ్ము" అని
కిటికీలకెళ్లి అరిచిండు.
"మిగిలిన సగం తొయ్యుండ్రి!"

తోసినం. బాలింత తప్ప అందరం.
లచ్చు చెప్పులు ఇడిచి వట్టికాళ్లతో తోసిండు.
బండి కదిలింది, పత్తి బండ్ల దాక పోయింది,
ఎడ్లు తలలెత్తి చూసినయి,
రెండో గేరుల క్లచ్చు ఇడిచిండు.
దభీమని ఒక గుద్దు.
లోపల ఏదో ఇరిగిందనుకున్న.
అప్పుడు తగిలింది నల్ల పొగ, మొఖం నిండ,
దానెంబడే ఆ మోటు చప్పుడు,
దడ్డడ్డడ్డడ్డ,
గూడెం కుక్కలన్ని ఒక్కపారి మొరిగినయి.

వంకర్లు పోయిన ఏళ్లతో టికెట్లు కొడ్తుంటే
కందుల మూటాయన అడిగిండు:
"తోసినోళ్లకు గూడ టికెట్టా సారూ?"
నేను నోరు తెరవకముందే
ముందు సీటుకెళ్లి ఓదెలన్న:
"నాక్కూడ ఒకటి కొట్టు, నేను గూడ తోసినోన్నే."
అట్లని ఎవ్వరికీ మాఫీ కాలే.

ఉట్నూరు ఇంకా దూరమున్నదనంగ
అద్దంల నన్ను చూసి అన్నడు:
"ఎనుక ఏదో ఊడి కొట్టుకుంటున్నది, చూడు."
వంగి సీట్ల కింద చూసిన.
ఊడింది ఏం లేదు.
మారుబాయి బిందె.