వాసన రాయడం

ఫోను తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది
మా ధనకొండత్త.
"ఏదే, రాట్లేదే" అంది.
తెర మీద నెత్తళ్ళు వెండిలా ఉన్నాయి,
ఇరవై మంది చూశారని కింద అంకె కూడా ఉంది.
"చూస్తే ఏం లాభం?
ఎండు చేపని కళ్ళతో కొంటారా ఎవరైనా?"

చిన్న వ్యాపారుల కోసమని పిలిస్తే
అమలాపురంలో రెండు రోజుల శిక్షణకి నేనే వెళ్ళాను.
సంచీ ఇచ్చారు, పెన్ను ఇచ్చారు, మధ్యాహ్నం పులిహోర పెట్టారు.
టై కట్టుకున్నాయన చెప్పాడు:
రోజూ ఒకటి పెట్టండి, పొద్దున్న తొమ్మిదికే పెట్టండి,
ఫొటో మెరవాలి, మాట తళుక్కుమనాలి,
మీ సరుక్కి ఒక కథ ఉండాలి.
అన్నీ రాసుకున్నాను.
మా సరుక్కి ఒక కంపు ఉందని
చెయ్యెత్తి చెప్పడానికి సిగ్గేసింది.

పల్లిపాలెం వచ్చి మెరిపించాను.
ఫిల్టరు వేస్తే సావళ్ళు నీలంగా తేలాయి,
రొయ్యపొట్టు కుంకుమపువ్వులా ఎర్రబడింది.
"సముద్రపు ముత్యాలు" అని రాశాను.
భిలాయి నుంచి ఒకావిడ కిలో తెప్పించుకుని
నా ఫొటో, తన పొట్లం పక్కపక్కన పెట్టి పంపింది,
ఒక్క మాటా రాయకుండా.
అత్త చాలాసేపు చూసి
"పెళ్ళిచూపుల్లో అక్కని చూపించి
పీటల మీద చెల్లిని కూచోబెట్టావే" అంది.
డబ్బులు తిరిగి పంపేయమంది.
ఆరువందల నలభై.
ఆ వారం లాభం కూడా అంతే.

ఆ రాత్రి నుంచి తను చెప్తుంది, నేను కొడతాను.
అత్తకి అక్షరం ముక్క రాదు,
కానీ మలికిపురం సంతలో ముప్పై ఏళ్ళు
గంప ముందు కూచున్న నోరు అది.
"రాయి: ఇవి వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పడ్డవి.
రాయి: మంగళవారం ఎండేశాం, ఇసకలో కాదు, వల మీద.
తలకాయలు తియ్యలేదు.
ఉప్పు ఎక్కువే, రెండు నీళ్ళు పొయ్యండి.
వంకాయలో వేస్తే బాగుంటాయి.
అద్దింట్లో ఉంటే
ముందు పక్కింటివాళ్ళకి చెప్పి వండుకోండి."
"ఇంత చెప్తే కొంటారా అత్తా?"
"చెప్పకపోతే ఒకసారే కొంటారు."

ముసురు పట్టింది. ఐదు రోజులు.
సరుకు మెత్తబడింది, అడుగున తెల్లటి బూజు.
నేను పాత ఫొటో ఏదైనా ఉందేమోనని వెతుకుతుంటే
వెనకనుంచి అంది:
"రాయి: ఎండ లేదు, చేప లేదు.
ఉన్నది కొబ్బరిచెట్ల మొదట్లో పూడ్చేశాం.
ఎవరూ డబ్బులు వెయ్యొద్దు."
తొమ్మిదింటికి కాదు, రాత్రి పదకొండున్నరకి
కరెంటు పోయిన చీకట్లో పెట్టాను ఆ నాలుగు ముక్కలు.
తెల్లారేసరికి ముప్పై ఒక్క మంది:
ఎండ వచ్చాక చెప్పండి,
అర కిలో మాకు పక్కన పెట్టండి,
మా అమ్మమ్మది కాట్రేనికోన, ఆవిడా ఇలాగే తిట్టి అమ్మేది.
భిలాయి ఆవిడా ఉంది అందులో.
ఈసారి మాట రాసింది: "రెండు కిలోలు."

అయితే ఏం, కష్టాలేం తీరలేదు.
రాజోలు కొరియరు కుర్రాడు ముక్కు మూసుకుని
"లోపలేంటో రాసివ్వండి" అంటాడు.
మూడు కవర్లు, మధ్యలో అరిటాకు, పైన అట్టపెట్టె,
కట్టేసరికి చేపకన్నా మూటే బరువు.
సావుకారు వీరకాటం మాత్రం
అడక్కుండానే కిలోకి పది రూపాయలు పెంచాడు.
"కబురు బానే చేరిందే" అంది అత్త,
పెంచిన ధరకి సగం సరుకే తూచింది.

ఇవాళ ఎండ కాస్తోంది.
నీడ పడకుండా వల మీదికి వంగాను ఫోను పట్టుకుని.
ఆ వాసనకి సరైన మాట ఇంకా దొరకలేదు.
తడి తాడు, పాత ఇనప్పెట్టె, మావయ్య బనీను,
కొట్టి చెరిపేశాను అన్నీ.
"ఇంతకీ ఏం రాయమంటావు అత్తా?"
"తర్వాత రాద్దువు గాని.
ముందు ఆ కాకుల్ని తోలు."