డెబ్భైయా, ఎనభైయా

నాలుగు టైర్లు, నాలుగు వయసులు.
ముందర ఎడమది నిరుడు పగిలితే మార్చింది.
వెనక కుడిది మేం కారు కొన్నప్పటిది.
దాని పక్క మీద చిన్న గడిలో నాలుగంకెలు.
పీరన్న వేలితో దుమ్ము తుడిచి
జాతకం చదివినట్టు చదివినాడు:
"ఇరవైమూడో వారం, పదకొండో సంవత్సరం."
మా మోక్షిత కంటే ఏడేండ్లు పెద్దది.

తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలు దాటినాక
తెల్లదుమ్ము పట్టిన అంగడి.
"యాడికి పోతాంటారు మేడమ్ దీంట్లో?"
"యాడికికే."
ఈ పక్క వందసార్లు ఇన్న జోకే,
అయినా ముగ్గురం నవ్వినాం.
నేను ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్తా.

ఓబులేసుకు ఎనభై కావాల.
"రోంత ఎత్తుంటే రాళ్ళు తగలవు కదన్నా,
పైగా నీ దగ్గర స్టాకుంది, రేటూ తక్కువే."
ఆయన ఏది కొన్నా అట్లే.
పాపకు చెప్పులు వచ్చే ఏడాదికి,
యూనిఫాం ఆపై ఏడాదికి.
జూన్‌లో అది బడికి పోతాంటే
చెప్పులు ఒక అడుగు వెనకొస్తాంటాయి.

పీరన్న రేకు మీద చెయ్యి పెట్టినాడు, ఎద్దు వీపు మీద పెట్టినట్టు.
"పిల్లోళ్ళు పెరుగుతారు సామీ. కారు పెరగదు."

డ్రైవరు తలుపు తీసి
చట్రం మీద స్టిక్కరు కోసం వెతికినాం.
దాన్ని అమ్మిన బ్యాంకు మేనేజరు రాసిందో, మేము రాసిందో,
ఏండ్ల ఆయుధపూజల పసుపు అట్ట కట్టి ఉండాది.
కొంగు తడిపి రుద్దితే
ముందు పన్నెండు తేలింది,
తర్వాత డెబ్భై,
చానాసేపటికి నూట నలభై ఐదు.

లెక్కల టీచరుకే లెక్క చెప్పినాడు.
మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లు.
మధ్యది ఎత్తు, కానీ ఎత్తు కాదు,
వెడల్పులో నూటికి డెబ్భై పాళ్ళు.
పన్నెండు లోపలి రింగు, అది అంగుళాలు.
ఒకే వరసలో మూడు కొలతలు, మూడు జాతులు.
ఏడో తరగతి పిల్లలు ఇట్ల రాసుకొస్తే
ఎర్రపెన్నుతో కొట్టేసేదాన్ని.

"ఎనభై ఏస్తే ఏమైతాది?"
"అయిదుగురు ఎక్కి స్టీరింగు నిండా తిప్పితే
లోపల మడ్‌గార్డుకు గీరుకుంటాది.
ముల్లు యాభై చూపిస్తాది, బండి యాభైమూడు పోతాంటాది.
మీటరు అబద్ధం చెప్తాది, పాపం, దానికి తెలీకుండానే."
ఓబులేసు గెలిచినోని మాదిరి నవ్వినాడు:
"ఆ ముల్లు పడిపోయి రెండేండ్లాయ కదన్నా!"

పీరన్న నవ్వలేదు.
"అయితే చెప్పేదానికి ఎవురూ లేరన్నమాట."

లేకేం, అనుకున్నా.
నలభై దాటితే డాష్‌బోర్డులో చిల్లర మోగుతాది,
యాభైకి గేరు రాడ్డు వణుకుతాది,
అరవైకి ఓబులేసు మాట్లాడ్డం ఆపుతాడు.
కానీ పైకి అనలేదు.
"డెబ్భయ్యే తెప్పియ్యన్నా," అన్నా.

గుంతకల్లు నుంచి బస్సు పార్సిల్లో
మూడు దినాలకొచ్చినాయి.
నాలుగూ ఒకే వారం పుట్టినవి.

పాతవి విప్పుతాంటే వెనక కుడిదాని గాట్లో
నల్లబండ చెక్క, చిటికెనవేలి గోరంత.
ఎన్నాళ్ళ నుంచి మాతో తిరుగుతాందో,
ఎన్నిసార్లు లోపలికి పోదామని చూసి ఆగిందో.
ఓబులేసు దాన్ని జేబులో ఏసుకున్నాడు.
ఎందుకని నేనడగలేదు.

మోక్షిత కొత్త టైరు ముందర గొంతుక్కూర్చుంది.
నల్లటి రబ్బరు నిండా సన్న సన్న వెంట్రుకలు.
"మా, దీనికి పుట్టెంటికలుండాయి. ఎప్పుడు తీపిస్తారు?"
పీరన్న నట్లు బిగిస్తానే చెప్పినాడు:
"యాడికి దాకా పోయిరా పాపా. రోడ్డే తీస్తాది."

సాయంత్రం ఇంటికొచ్చినాక
టార్చి ఏసుకొని వంగి చూసింది.
మధ్యలోవి పోయినాయి.
పక్కలవి అట్లే ఉండాయి.