పధ్నాలుగు దగ్గర ఆగాం

కురిటిబాలో జూన్ చలి.
గాజు గొట్టంలాంటి బస్‌స్టాప్ లోపల
తిరుగుడు గేటు పక్కన చిల్లర లెక్కపెట్టే కుర్చీ నాది.
ఎర్రబస్సుకీ ఎర్రబస్సుకీ మధ్య నాలుగు నిమిషాలు.
ఒక మాంగా అధ్యాయానికి సరిపోతాయి,
ఎవరూ వంద నోటు తీసుకురాకపోతే.

ఎక్కడిదాకా చదివానో గుర్తుండదు.
రసీదు చుట్ట వెనక రాసుకునేవాణ్ణి:
కత్తిపిల్ల ఎనభై ఎనిమిది,
వంటవాడు ముప్ఫై ఒకటి,
నత్తల రాజ్యం... ప్రశ్నార్థకం.
ఆ ప్రశ్నార్థకం ఆర్నెల్లుగా అక్కడే ఉంది.

"ఇంకా కాకిలెక్కలేనా నాన్నా?" అంది తైనారా.
పదమూడేళ్ళు.
ఒక వారం నా దగ్గర, ఒక వారం వాళ్ళమ్మ దగ్గర.
"ఏదో ఒక యాప్ చూసుకో."

మూడు చూశాను.

మొదటిది ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.
నా జీవితంలో నలభై ఒక్క రోజుల ఆరు గంటలు
అనిమేకి పోయాయని
ఆకుపచ్చ గ్రాఫ్ గీసి చూపించింది,
అదేదో అభినందన అన్నట్టు.
ఆ రాత్రి తిండి సహించలేదు.

రెండోది దేనికైనా పదికి మార్కులు వేయమంటుంది.
వంటవాడికి ఏడిచ్చాను.
మర్నాడు బస్సు చెడిపోయి
వానలో ఇరుక్కున్న జనం నన్ను తిట్టిపోస్తుంటే,
వాడు మూగ జాలరికి చారు పోసిన పేజీ గుర్తొచ్చి
తొమ్మిది చేశాను.
సాయంత్రానికి మళ్ళీ ఎనిమిది.
నేనేం ఇన్‌స్పెక్టర్నా? తీసేశాను.

మూడోదానికి లెక్కే వేరు.
మేం అరవై మూడో ఎపిసోడ్ అనేదాన్ని
అది మూడో సీజన్‌లో రెండోది అంటుంది.
"మా ఇంటి నంబరూ అంతే," అన్నాడు వాండర్లేయ్, రాత్రి షిఫ్టువాడు,
"పోస్ట్‌మాన్‌కొకటి, కరెంటువాడికొకటి."
అయినా దాన్నే ఉంచాను.
తైనారా అందులో ఉంది.

చూస్తున్నవి, చూసేసినవి, మధ్యలో ఆపినవి,
వదిలేసినవి, ఎప్పుడో చూడాల్సినవి.
ఇన్ని గడులున్నాయి గానీ
తైనారా పక్కనుంటేనే చూసేవి
అనే గడి మాత్రం లేదు.

సముద్రం కింద బడి మాకు అలాంటిది.
శుక్రవారం రాత్రి, ఒకే దుప్పటి,
ఉప్పేసి ఉడికించిన పిన్యావ్ గింజలు.
తొక్కలు నా చెప్పుల్లో వేస్తుంది.
పధ్నాలుగు దగ్గర ఆగాం.
ఒకళ్ళని వదిలి ఒకళ్ళు చూడకూడదని ఒట్టు.

తను లేని వారం మరీ పొడుగు.
కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా
పదిహేను చూశాను.
లాంతరు తాత కిటికీ తీసి
సముద్రాన్ని తరగతిలోకి రానిచ్చాడు.
ఏడ్చాను.
ఏడ్చినవాణ్ణి ఊరుకోవచ్చుగా, పంతొమ్మిదిదాకా పోయాను.
యాప్‌లో మాత్రం పధ్నాలుగే.

మంగళవారం రాత్రి పదకొండు యాభై రెండు.
ఫోన్ టింగుమంది:
తైనారా, సముద్రం కింద బడి, పంతొమ్మిది.

రెండు నిమిషాల్లో అది మాయం.
మళ్ళీ పధ్నాలుగు.
వాళ్ళమ్మ ఇంట్లో, చీకట్లో,
గబగబా వెనక్కి నొక్కిన ఆ బొటనవేలు
నాకు కనిపించినంత పనైంది.

సెట్టింగులన్నీ గాలించాను.
ఇతరుల కబుర్లు నాకు చెప్పకు అనే మీట
అట్టడుగున దొరికింది. నొక్కాను.
మంచి యాప్ అని వాండర్లేయ్‌తో చెప్పాను.
ఎందుకో చెప్పలేదు.

శుక్రవారం.
"పధ్నాలుగయింది కదా?" అంది.
గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుని
"అవును, అంతే" అన్నాను.

తాత ఇంకా కిటికీ దగ్గరికి పోనేలేదు,
తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
నిజం చెప్పాలంటే
అంతకు ముందే నేను "అయ్యో" అనేశాను.

తెర వెలుగులో నా వైపు చూసింది.
ఏమీ అనలేదు.
ఒక తొక్క నా చెప్పులో పడింది.

"నొక్కనా?"
"నొక్కు."

పదిహేను.
ఇంకా నాలుగున్నాయి
ఇద్దరం ఆశ్చర్యపోవడానికి.