ఎంత పోయిందో అంత

నారిన్‌లో ఇవాళ మైనస్ పద్దెనిమిది.
సముద్రం ఎరగని ఊళ్ళో
ఒక ఓడ కంటెయినర్ నా షెడ్డు.
అడుగు కోసి నేనే తవ్వుకున్న గోతిలోకి దిగితే
పజెరో పొట్ట ముఖానికి జానెడు దూరంలో,
ఇంకా వెచ్చగా.

మంత్రసాని ఉల్కాన్ తెచ్చింది దాన్ని.
రెండో గేరు వదిలేస్తుందట, మూడోది పట్టుకోదట,
నడిమధ్య ఒక్క గుక్కసేపు
బండి ఎవరిదీ కాకుండా పోతుందట.
"దోలోన్ కనుమ మీద ఆ గుక్క చాలా పొడుగు" అంది
చేతి తొడుగులు తియ్యకుండానే.

కొలపుల్ల తీసి తెల్లగుడ్డకి రాశాను.
దానిమ్మ రంగుండాల్సింది,
మరిగి మరిగి మిగిలిన డికాక్షన్.
వాసన చూడమని ఆమెకే ఇచ్చాను.
"అడుగంటింది" అంది, పాల సంగతి చెప్పినట్టు.

నాకు పని నేర్పిన తోక్తోసున్ ఒట్టు వేయించుకున్నాడు:
ఏళ్ళ తరబడి మార్చని ఆయిల్ ముట్టుకోకురా,
క్లచ్ పలకల నుంచి రాలిన పొడి అందులోనే ఉంది,
ఆ పొడే ఇప్పుడు దానికి పట్టు.
శుభ్రం చేశావా, జారుతుంది.

నిజమో కాదో ఇరవై ఏళ్ళుగా తేల్చుకోలేదు నేను.
ఆమెకి చెప్పాను, దాచలేదు.
"తోక్తోసున్ అంటే 'ఆగనీ' అని కదా,
ముందు బిడ్డలు దక్కని ఇంట్లో పెట్టే పేరు.
అలాంటివాడు భయపడతాడు మరి.
విప్పు."

విప్పాను.
మొదట ఒక దారం, తర్వాత జడ,
బేసిన్‌లో పడి పొగ.
ట్రే అడుగున అయస్కాంతాలు
బూడిదరంగు నూగు కప్పుకుని ఎలుకపిల్లల్లా ఉన్నాయి.
వేళ్ళ మధ్య నలిపి చూశాను. మెత్తగా ఉంది.
ముక్కలు తగిలుంటే అక్కడితో మూసేసేవాణ్ణి.

ఈలోగా ఆమె నేలమీద చతికిలబడి
నిమ్మసోడా సీసాల్లోకి వంచుతోంది,
కంటి ఎత్తున పట్టుకుని, గోటితో గీత పెట్టి.
"నాలుగు లీటర్ల ఏడువందలు."
ఉజ్జాయింపు చాలు అన్నాను.
"ఉజ్జాయింపుతో ఒకామెను పోగొట్టుకున్నాను.
ఆ రాత్రి దుప్పట్లోకి ఎంత ఇంకిందో
కొలవలేదు నేను."
తలెత్తకుండానే ఇంకో సీసా మూత బిగించింది.
"ఎంత పోయిందో అంత పోసెయ్."

గరాటాలోంచి కొత్తది
ఎర్రగా, తొందరలేకుండా దిగింది.

అయినా మారింది సగమే.
కన్వర్టర్ కడుపులో దాగిన పాతది
వంచితే వచ్చేది కాదు.
బ్రేకు తొక్కిపట్టి అన్ని గేర్లూ తిప్పి,
పాతనీ కొత్తనీ కలవనిచ్చి,
మర్నాడు మళ్ళీ దించాం. మూడోనాడు మళ్ళీ.
డికాక్షన్ ఇటుకరంగైంది,
ఇటుక దాదాపు ఎరుపైంది.
ఆ దాదాపు ఎప్పటికీ పోదు.
అది తోక్తోసున్ వాటా.

తాళం తిప్పగానే డాష్‌బోర్డులోంచి
ఎవరో జపాను అమ్మాయి మర్యాదగా ఏదో అంది.
కొన్ననాటి నుంచీ అంటూనే ఉందట,
అర్థం తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరట.
"సరేనమ్మా" అని దానికి చెప్పి
ఉల్కాన్ మంచులోకి వెళ్ళిపోయింది.

నాలుగోరోజు రాత్రి ఫోను.
వెనకాల గాలి, గొర్రెలు, ఎవరో పొయ్యి ఎగదోస్తున్న చప్పుడు.
"ఆడపిల్ల. మూడు కిలోల రెండొందలు."
మూడోది పట్టిందా, కనుమ మీద, అనడిగాను.
"ఏ మూడోది?" అంది.