గిలక

స్కానింగ్ ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి
డాక్టర్ బాబికర్ వేలు పెట్టి చూపించిండు.
బయట సొహార్ రేవు, క్రేన్ల మెడలు.
లోపల నా కుడికాలు, నలుపూ తెలుపూ.
ఎముక నెత్తి మీద, లోపలి అంచున
చింతగింజంత మచ్చ.

మూడేండ్ల కిందటిది అన్నడు.
నిజమే.
నిచ్చెనకు ఇంకో మెట్టు ఉన్నదనుకొని
లేనిదాని మీద అడుగేసిన దినం.
బెణికిందన్నరు.
రాజలింగు ఉప్పుమూట వేడిచేసి కాపడం పెట్టిండు.
ఎక్స్‌రేల ఏం లేదన్నరు.
ఏం లేనిదాని మీద మూడేండ్లు నిలబడ్డ
కోర్ కటింగ్ మిషను పట్టుకొని.

మృదులాస్థి అని రాయచోటి షంషాద్ సిస్టరు
మందుల చీటీ వెనుక తెలుగులో రాసిచ్చింది.
నాకు నోరు తిరగలే.
"లేత తాటిముంజ తినుంటావు గదన్నా,
అట్లుంటాది. ఎముకకు మూత.
దానికి నెత్తురు పారదంట,
అందుకే తెగితే దానంతట అది అతకదంట."

నెత్తురు లేనిది ఎట్ల నొస్తది అని అడిగిన.
డాక్టరు నవ్వలే.
నొచ్చేది కింది ఎముక,
మూత పగిలిన కాడికెల్లి నీరు దిగి
లోపల గుల్ల చేస్తదన్నడు.
ఇగ మందేమంటే, బెజ్జాలు.
చెడిన మూత గీకి పారేసి
ఎముకకు సన్నగ పొడుస్తరట.
మూలుగల నెత్తురు పైకి ఊరి
గడ్డకట్టి
అదే కొత్త మూత అయితదట.

ఆయన ఇంకా చెప్తనే ఉన్నడు,
నాకు అప్పటికే సమజైంది.

పంతొమ్మిదేండ్లప్పుడు నేను బోరుబండి మీద హెల్పర్ను.
మల్లాపూర్ చుట్టుపక్కల, రాత్రులు,
రాడ్డు మీద రాడ్డు బిగిస్తుంటే
తెల్లదుమ్ము లేచి కనురెప్పలకు పట్టేది.
బండి చుట్టు మనుషులు, ఒక్కరూ మాట్లాడరు.
దుమ్మును పిడికిట్ల పట్టి పిండి చూసేటోళ్లు.
తడి తగిలిందని
ఆ పిడికిలి విప్పకుండనే ఇంటికి ఉరికిన ఒకామె
నాకు ఇంకా యాదికున్నది.
తగలకపోతే రాడ్లు ఊడదీసుకొని ఇంకో ఊరు.
తర్వాత ఇక్కడ, పదకొండేండ్లు, కాంక్రీటుకు తొర్రలు.
వైరుకో తొర్ర, పైపుకో తొర్ర,
ఊట కోసం ఒక్కటి గాదు.

నడుముకు సూది. కాళ్లు నావి గాకుండ పోయినయి.
పక్కన టీవీల నా గిలక లోపలంత
సముద్రం అడుగు లెక్కున్నది.
నిజంగ ముంజే.
అంచు చిరిగి, నీళ్లల్ల పేలిక ఊగినట్టు ఊగుతున్నది.
గీకిండ్రు.
వంకర మొలలాంటిది దించి సుత్తితోని టక్కుమనిపించిండ్రు.
చప్పుడు వచ్చింది, నొప్పి రాలే.
రెండు. మూడు. లెక్కపెట్టిన.
ఇగ లోపలికి పోయే నీళ్లు బందుచేయమన్నడు డాక్టరు.
గదిల ఎవరూ మాట్లాడలే.
ఐదో బెజ్జంలకెల్లి ముందుగాల,
ఒక కొవ్వుచుక్క, దాని ఎన్క సన్నగ ఎర్రగ.
"తడి" అన్న నేను.
మాస్కు మీద షంషాద్ సిస్టరు కండ్లు
నా దిక్కు తిరిగినయి.

ఆరు వారాలు కాలు నేలకు మోపొద్దు.
క్యాంపుల నాది పైమంచం.
రాజలింగు ఒక్క మాటనకుండ
తన పరుపు పైకెక్కించి నా పరుపు కిందేసిండు.
అతనికి యాభై రెండు.
రాత్రి అతను ఎక్కుతుంటే నేను కండ్లు మూసుకుంట.

పొద్దుకు వందసార్లు గిలక మీదికి కిందికి ఆడియ్యాలె,
బరువు మాత్రం వెయ్యొద్దు.
మా దిక్కు బావి మీద తిరిగేదాన్ని గూడ గిలకనే అంటరు.
బొక్కెన కట్టని గిలకను
మంచంల పండుకొని తిప్పుతున్న.

డాక్టరు ఏం దాచలే.
మళ్ల పుట్టేది పాత ముంజ గాదు, అతుకు.
కొందరికి ఏండ్లకేండ్లు ఆగుతది, కొందరికి ఆగది.
నిచ్చెనలు తగ్గించుకో అన్నడు.
నా పనే నిచ్చెన అని నేను చెప్పలే.

ఐదోవారం, తెల్లారగట్ల నాలుగింటికి
రాజలింగు డ్యూటీకి దిగుతున్నడు.
సెల్లు ఎలుగుల అతని పాదం
నా మొకం ముంగట మెట్టు మీద ఆగింది.
గిలక కాడ ఉబ్బు, నున్నగ మెరుస్తున్నది.

ఎప్పటిసంది అని అడిగిన.

ఇంకో కాలు కిందికి వెతుక్కుంట
"ఏం లేదు, ఉత్తగ బెణికింది" అన్నడు.