గ్లవ్ బాక్స్ వెనక

ఉలాన్‌బాతర్ కొండవాలు మీద, చెక్క కంచె లోపల
సరంగెరెల్ టాక్సీ.
జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన ప్రియస్.
స్టీరింగూ కుడివైపే, నడిపేదీ కుడివైపే.
అలవాటైపోయింది.

హీటరు వేస్తే బొగ్గు వాసన.
గరాజులో బాతార్‌ఖూ ముప్ఫై వేలన్నాడు.
"నీ చేతులకేమొచ్చింది?" అంది పక్కింటి దుల్మా.

ఇవాళ మైనస్ ఇరవై రెండు.
తొడుగులు తీసేసి
డబ్బా రెండు చెంపలూ నొక్కి కిందికి వాల్చింది.
చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్,
ఓ కొక్కెం టక్కున విరిగింది.
తిట్టింది. కారునో, చలినో, బాతార్‌ఖూనో.

లోపలి అర లాగితే
చేతికొచ్చింది నల్లటి మడతల కట్ట.
అంచు చూస్తే గానీ తెలీదు
అది తెల్లగా పుట్టిందని.
మడతల్లో పాప్లార్ దూది, ఈగ రెక్క,
గొర్రె బొచ్చు పోగొకటి,
కిందటి చలికాలమంతా
ఎక్కినవాళ్ళు పీల్చకుండా మిగిలింది.

కొత్తదాని మీద బాణం గుర్తు.
పైకా, కిందికా?
"గాలి ఎటు పోతే అటు" అంది దుల్మా,
గాలి తనకి చెప్పి పోతున్నట్టు.

కొక్కేనికి బదులు తాడు కట్టింది.
హీటరు వేసింది. వాసన లేదు.
అద్దానికి అవతల
తన ఇంటి గొట్టంలోంచే పొగ
నిదానంగా దిగి బానెట్ మీద వాలింది.

"పాతది పొయ్యిలో పడెయ్."
పొయ్యి మూత తీసి
ఎంతసేపు నిలబడిందో,
రోజూ వేసే బొగ్గే వేసి మూసేసింది.

ఆ కట్ట ఇంకా గుమ్మం పక్కనే ఉంది,
మడతల్లో మంచు పట్టుకుంటూ.