మూడో కప్పు

ఈపూట నా ఎడమ కంట్లో
రోజ్‌విథా తాగిన మూడో కప్పు కాఫీ ఉంది.
నమ్మకపోతే దగ్గరికొచ్చి చూడండి.
ముక్కు వైపు, తెల్లగుడ్డు అంచున
ఎర్రటి నరం ఒకటి
దారి మరిచిపోయినట్టు వంకర తిరుగుతుంది.

పలకరాతి గనిలో కన్ను పోయిన ఏడాది
లౌషా ఊరికి మొదటిసారి వెళ్లాను.
గ్యాస్ మంట, మంట ముందు ఆవిడ, పక్కన కప్పు.
నా కుడికంట్లోకి కాసేపు చూసేది,
ఎర్రగాజు పుల్ల మొన కరిగించి
తెల్లగోళం మీద గీసేది.
వేళ్లు సన్నగా వణికేవి,
పడాలా వద్దా అనుకునే నీటిచుక్కలా.
"కాఫీ" అంది, తప్పు ఒప్పుకున్నట్టు. "మానలేను."

తర్వాత డెబ్బై ఏడు.
దుకాణాల్లో కాఫీ కరువు.
సర్కారు పొట్లంలో సగానికి సగం బఠానీ, చికోరీ.
దానికి కాఫీ అని పేరు పెట్టినవాడికే
తాగించాలి అనేవాళ్లు గనిలో.

గాజుకన్ను కలకాలం ఉండదు, కన్నీళ్లకు అరుగుతుంది.
ఆ చలికాలం కొత్తది చేయించుకున్నాను.
ఆవిడ చెయ్యి రాయిలా నిలిచింది.
నరాలన్నీ రూళ్లకర్రతో గీసినట్టు వచ్చాయి.
తోటి పనివాళ్లు మెచ్చుకున్నారట.
ఇంటికొస్తే మా అమ్మాయి యుట్టా
నా కుడిపక్కకు వచ్చి కూర్చుంది.
మర్నాడూ కుడిపక్కకే.

మార్చిలో హాంబర్గ్ పిన్ని పార్శిలు పంపింది.
మేజోళ్ల మధ్య పావుకిలో అసలు గింజలు,
పెట్టె నిండా అదే వాసన.
మా ఆవిడ ఒక్క గింజ నోట్లో వేసుకుని
కళ్లు మూసుకుని నమిలి
మిగతాదంతా నా చేతిలో పెట్టింది.

ఒకటి తాగింది రోజ్‌విథా. రెండు.
మూడోది తాగి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది,
బస్సు కోసం కూర్చున్నట్టు.
అరగంట.
బయట మంచు కరిగి చూరు నుంచి కారుతోంది.
ఇద్దరం ఆ వేళ్లనే చూస్తున్నాం.
ముందు చిటికెన వేలు కదిలింది.
"వచ్చింది" అంటూ మంట పెంచింది.

ఆ కన్నే ఇది.
అరిగిపోయింది, రెప్పకు గరగరా తగులుతుంది,
ఆవిణ్ణి చూడ్డానికి వెళ్లే రోజు మాత్రం పెట్టుకుంటాను.
ఇప్పుడామెకు కాఫీ లేకుండానే చేతులు వణుకుతాయి.
మానమన్నాడు డాక్టరు.
మానింది. వణుకు మానలేదు.
నాకు సగం కప్పే పోసి ఇచ్చింది,
నిండా పోస్తే సగం సాసరుకే పోతుందని.
తన ముందు పాలు.

నా కంట్లోకి చాలాసేపు చూసి
ఆ వంకర నరం దగ్గర ఆగింది.
"అక్కడ తుమ్మొచ్చింది నాకు" అంది.
"కాఫీ కాదు."

నేను మాత్రం
కాఫీ అనే చెప్తున్నాను అందరికీ.